మెసైమీర్‌లో కారం ఐసు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అంతా మా గుంటూరు మిరపకాయల మహిమ అని మావారు అంటారు. ఆయనకేం, అంటారు. ఆ షాపులోకి మొదటిసారి వెళ్ళిన రోజు కూడా నేను కోపంగానే ఉన్నాను. ఖతర్‌లో మేముండేది అల్ తుమామా, అక్కడ మా ఇంటి ఏసీ పాడైంది. బాగుచేసే మనిషి పొద్దుటి నుంచీ "యల్లా మేడమ్, రాస్తే మే హూఁ" అంటూ ఫోన్లోనే ప్రయాణం చేస్తున్నాడు. నేను ఒక పళ్ళ క్లినిక్‌లో రిసెప్షన్‌లో పనిచేస్తాను. రోజంతా నవ్వు ముఖం పెట్టుకుని కూర్చుని, డ్యూటీ దిగాక ఆ ఉడుకులోకి పోబుద్ధి కాక, కూరగాయలు కొందామని మెసైమీర్ వైపు వెళ్ళాను. అక్కడ ఒక సందు మలుపులో, టైర్ల షాపుకీ లాండ్రీకీ మధ్య, అరబ్బీలో ఇంగ్లీషులో రాసిన బోర్డు ఉంది. దాని కింద గాజు తలుపు మీద ఎవరో చేత్తో తెలుగులో రాశారు, 'మెక్సికో పుల్ల ఐసు' అని.

పుల్ల ఐసు! ఆ మాట చూసి ఎన్నేళ్ళయిందో. చేతిలో కూరగాయల సంచీతోనే లోపలికి దూరాను.

"రా అక్కా, ఏం కావాలె?" అంది కౌంటర్ వెనక ఉన్నావిడ. నా బొట్టు చూసే పోల్చుకున్నట్టుంది. నాకంటే చిన్నది. నెత్తిన ప్లాస్టిక్ టోపీ, చేతులకు మోచేతుల దాకా మామిడి రసం.

"ఈ మెక్సికో ఏంటి, పుల్ల ఐసు ఏంటి?"

"దాని అసలు పేరు పాలేటా అక్కా."

"పాలతో చేస్తారా?"

"పాలు లేవు. పండు, నీళ్ళు, ఇంత చక్కెర."

"పాలు లేకుండా పాలేటా అని పేరెందుకమ్మా, నేతిబీరకాయలో నెయ్యిలాగా?"

ఆమె పగలబడి నవ్వింది. "మన తెలుగోళ్ళు అందరు గిదే అడుగుతరు. ఫిలిప్పీనోళ్ళు, నేపాలోళ్ళు ఒక్కలు గూడ అడగలే." లోపల్నుంచి ఆమె భర్త తల బయటికి పెట్టి, వాళ్ళ భాషలో పాలేటా అంటే చిన్న తెడ్డు అని, పుల్ల పట్టుకుని తినేది కాబట్టి ఆ పేరని వినయంగా చెప్పి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ రోజు నేను ఒకటి తిని, రెండోది తిని, మూడోది మావారికని కొని దారిలోనే తినేశాను.

అలా మొదలైంది. క్లినిక్ నుంచి ఇంటికి వచ్చే దారి అటు కాకపోయినా అదే దారి అయింది. ఆమె నన్ను అక్కా అనేది, నేను అతన్ని తమ్ముడూ అనేదాన్ని, ఆ వరసన ఆమె నాకు మరదలు. వాళ్ళది జగిత్యాల దగ్గర ఊరు. వాళ్ళమ్మాయి పదో తరగతి. బడి అయ్యాక ఆ పిల్లే కౌంటర్లో నిలబడి అరబ్బీలో, హిందీలో, మలయాళంలో కూడా బేరాలు చక్కబెట్టేది. గాజు తలుపు మీద తెలుగు రాసింది ఆ పిల్లే.

ఈ మెక్సికో విద్య వాళ్ళకెలా వచ్చిందో తమ్ముడు నాకు మామిడి ముక్కలు కోస్తూ చెప్పాడు. అతను మొదట సైటు పనికి వచ్చాడు. తర్వాత ఒక హోటల్ కిచెన్లో గిన్నెలు కడిగే పనిలో చేరాడు. అక్కడ మిఠాయిలు చేసే మెక్సికో ఆవిడ ఉండేది. అప్పుడప్పుడు సాయానికి పిలిస్తే ఇతను పండ్లను పడేయకుండా జాగ్రత్తగా కోయడం చూసి, గిన్నెల దగ్గర్నుంచి తన బల్ల దగ్గరికి పిలుచుకుంది. ఇతనికి ఆమె భాష రాదు, ఆమెకు ఇతని భాష రాదు. చెయ్యి పట్టుకుని నేర్పింది. తిరిగి దేశం పోతూ తన స్టీలు అచ్చులు ఇతని చేతిలో పెట్టి వెళ్ళింది. ఇప్పటికీ ఆమె సంగతి వస్తే "గురువమ్మ" అంటాడు.

వాళ్ళ పనితనం చూస్తే నాలాంటి వంకలమారికి కూడా వంక దొరకదు. ఉప్పు నీళ్ళ తొట్టి ఒకటి ఉంటుంది, ఐసు కంటే చల్లగా. అందులో ఆ అచ్చులు దించుతారు. దించే ముందు పండు ముక్కల్ని అచ్చు గోడలకు ఒక్కొక్కటే ఆనించి నిలబెడతాడు తమ్ముడు. గడ్డకట్టి బయటికి వచ్చాక కివీ, స్ట్రాబెరీ, పుచ్చకాయ అద్దంలోంచి చూసినట్టు కనబడాలి. గింజ వంకరగా ఉన్నా ఒప్పుకోడు. "కరిగిపోయేదానికి ఇంత అలంకరణ ఎందుకయ్యా?" అని ఒకసారి విసుక్కున్నాను. "కరిగిపోతదనే అక్కా" అన్నాడు.

ఇంకో రోజు ఎర్రగా, దానిమ్మ రంగులో ఉన్న ఐసు ఇచ్చింది మరదలు. పుల్లగా నాలుకను లాగేసింది. ఏమిటిది అంటే, మెక్సికో వాళ్ళు ఏదో ఎండు పువ్వు నానబెట్టి చేస్తారట, ఇక్కడ సూక్ అనే బజారులో కర్కదే పేరుతో అమ్ముతారు. ఒక ఎండు పువ్వు తీసి నా అరచేతిలో వేసింది. చూద్దును కదా, మన గోంగూర కాయ మీద ఉండే ఎర్ర రేకలు!

"ఓసి దీని దుంపతెగ, ఇది గోంగూర!"

"పుంటికూర" అంది ఆమె.

"గోంగూర."

"పుంటికూర అక్కా. మెక్సికోల పుంటికూర." ఆ తగువు ఇప్పటికీ తెగలేదు.

అన్నిట్లోకీ గొప్పది మాత్రం కారం ఐసు. మామిడిపండు మీద మిరపపొడి, నిమ్మరసం, ఉప్పు. గురువమ్మ నేర్పిందీ అదే, మనం బడి గేటు దగ్గర తిన్నదీ అదే. అయితే డబ్బాలో వచ్చే పొడి మరదలికి నచ్చలేదు. ఊరి నుంచి చీరల మధ్య చుట్టి ఒక చిన్న రాతి రోలు తెచ్చుకుంది. ఎండుమిరపకాయలు వేయించి, రాళ్ళ ఉప్పు, ఇంత మామిడి ఒరుగు వేసి ఆ రోట్లో దంచేది. మిక్సీలో వేయమంటే, వేడెక్కి వాసన పోతుందనేది. షాపు వెనక ఆ దంపుడు చప్పుడు మొదలైతే టైర్ల షాపు పాకిస్తానీ తాత తుమ్ముకుంటూ వచ్చి ఒకటి కొనుక్కుని వెళ్ళేవాడు.

ఆ ముగ్గుర్నీ అలా ఒక్కచోట చూస్తుంటే నాకు ముచ్చటేసేది. ఎందుకంటే వాళ్ళు ఒక్కచోట ఉండటం కొత్త. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ తమ్ముడు పనివాళ్ళ క్యాంప్‌లోనే. కూతురు పాకడం, నడవడం, బడికి పోవడం అన్నీ బంకు మంచం మీద పడుకుని ఫోన్లో చూశాడు. షాపు పెట్టాకే ఇల్లు తీసుకుని ఇద్దర్నీ రప్పించుకోగలిగాడు. వచ్చిన కొత్తలో ఆ పిల్ల తండ్రిని 'మీరు' అనేదట. "ఎవరో సార్‌ను అన్నట్టు అన్నది అక్కా" అని చెబుతూ అతను మామిడి టెంక వైపు చూశాడు. ఇప్పుడు "బాపూ, నువ్వు జరుగు, నీకు బేరం రాదు" అని తోసేస్తుంది. తోసినప్పుడల్లా అతని ముఖం వెలిగిపోయేది.

ఈ వేసవి నడుమ ఒక రోజు బిల్డింగ్ వ్యవహారాలు చూసే మేనేజరు వచ్చాడు. ఎండాకాలం అయిపోగానే షాపు ఖాళీ చేయాలని చెప్పాడు. ఆ గది ఏదో పెద్ద టీ కంపెనీ వాళ్ళు అడుగుతున్నారట. ఇంకో గది చూసుకుందామంటే, ఆ తొట్టికి, ఆ కరెంటుకి సరిపోయేది వీళ్ళ తాహతులో దొరకలేదు. షాపు పోతే ఇల్లు పోతుంది, ఇల్లు పోతే వీసా. తల్లీ కూతురూ ఊరికి, అతను మళ్ళీ ఏదో కంపెనీకి, క్యాంప్‌కి.

"నేను మల్ల ఫోన్ల బాపునయిత అక్కా" అన్నాడు తమ్ముడు. నాకు ఆ మేనేజరు మీద కోపం నెత్తికెక్కింది. ఫోన్ చేసి దులిపేస్తానంటే మరదలు నా ఫోన్ లాక్కుంది.

ఆమె ఏడవలేదు. ఒక్కొక్కటే సర్దడం మొదలుపెట్టింది. కుక్కరు లాండ్రీ వాళ్ళకి, దుప్పట్లు ఎవరో కొత్తగా వచ్చిన ఊరివాళ్ళకి ఇచ్చేసింది. ఒక సాయంత్రం రోలు గుడ్డలో చుట్టి మా ఇంటికి తెచ్చింది. "విమానంల బరువు అక్కా. నీకైతే పనికొస్తది. కారం ఉన్నకాడికి దంచిపెట్టుకున్న" అంది. వద్దంటే వినదు. తీసుకుని వంటింటి గట్టు మీద పెట్టుకున్నాను. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

తర్వాత కొద్దిరోజులకే ఆ ముసలావిడ వచ్చింది. మధ్యాహ్నపు విరామం అయిపోయి, బయట రోడ్డు తవ్వుతున్న కూలీలు మళ్ళీ పనిలోకి దిగిన వేళ. నేను అప్పుడే వచ్చి ఏసీ కింద నిలబడ్డాను. తెల్లటి పెద్ద బండి ఆగింది. నల్లటి అబాయాలో, చేతికర్రతో ఒక ఖతరీ పెద్దావిడ దిగి, బిల్డింగును కిందికీ పైకీ చూసి, లోపలికి వచ్చింది. పిల్ల ఇంట్లో ఉంది, తమ్ముడు వెనక తొట్టి దగ్గర ఉన్నాడు. పెద్దావిడ వేలు నేరుగా కారం ఐసు మీదికి వెళ్ళింది.

మరదలు కంగారుపడింది. ఈ వయసు మనిషి, తెలియక తింటే ఎట్లా? అరబ్బీలో మిరపకాయను ఏమంటారో ఆ క్షణాన నోటికి రాలేదు. వచ్చిన నాలుగు ముక్కల్లో గట్టిగా హెచ్చరించింది.

"మామా, హాదా కారం! కారం వాజిద్!"

ఇక్కడ పెద్దావిడల్ని మామా అంటారు, హాదా అంటే ఇది, వాజిద్ అంటే చాలా అని. కారం చాలా ఎక్కువ అని ఈమె ఉద్దేశం. కానీ అరబ్బీలో కరమ్ అంటే దాతృత్వం, వచ్చినవాళ్ళకు కడుపు నిండా పెట్టే గుణం. మా క్లినిక్‌లో ఆ మాట రోజూ వింటాను. పెద్దావిడ ముఖం విప్పారింది.

"కరమ్? వాజిద్ కరమ్? మాషా అల్లా!"

నాకు విషయం అర్థమయ్యేలోపే ఆవిడ ఐసు అందుకుంది, గుండెల మీద చెయ్యి పెట్టుకుని దీవించింది, బయట ఎండలో గడ్డపారలు పట్టుకున్న వాళ్ళని చూపించి డ్రైవర్ని కేకేసింది. డ్రైవరు వచ్చి ఫ్రీజర్లోంచి ఒక పెట్టె ఎత్తుకుపోయాడు. మళ్ళీ వచ్చి ఇంకోటి.

"అయ్య బాబోయ్! ఆవిడ ఊరికే పంచిపెడుతున్నావనుకుంటోందే! డబ్బులని చెప్పు, ఫులూస్ అని చెప్పు. ఉండు, నేను చెప్తా" అని ముందుకు దూకాను. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది యవ్వారం.

మరదలు నా చెయ్యి పట్టి ఆపింది. "తిననియ్యి అక్కా. ఎండ సూడు ఎట్లున్నదో" అంది. అని, మూడో పెట్టె తనే ఎత్తి డ్రైవర్ చేతిలో పెట్టింది.

బయట కూలీలు రోడ్డు అంచున కూర్చుని తింటున్నారు. వాళ్ళలో ఒకతను గాజు తలుపు మీద తెలుగు చూసి, "అక్కా, మా ఊరి ఐసు లెక్కనే ఉన్నది!" అని అరిచాడు. ఇటు లోపల పెద్దావిడ ఒక కొరుకు కొరికింది. కళ్ళు పెద్దవయ్యాయి. దగ్గింది. ముక్కు తుడుచుకుంది. మరదలు నీళ్ళు పట్టుకుని పరిగెత్తింది. ఆవిడ నీళ్ళు తాగి, కర్ర గోడకు ఆనించి, కుర్చీలో కూర్చుని, పుల్ల కనబడేదాకా తినేసింది. కళ్ళనీళ్ళతోనే లేచి వెళ్ళిపోయింది.

రెండు మూడు రోజులు పోయాక మేనేజరు ఫోన్ చేశాడు. బిల్డింగ్ యజమానురాలు ముఐథర్‌లో తన ఇంటికి రమ్మంటున్నదని చెప్పాడు. భాషకు సాయం నన్ను రమ్మన్నారు. తమ్ముడు బయట మగవాళ్ళ గదిలో ఉండిపోయాడు, మేమిద్దరం లోపలికి వెళ్ళాం. దిండ్ల మధ్య ఆ చేతికర్ర పెద్దావిడే కూర్చుని ఉంది!

అరబ్బీ కాఫీ కహ్వా పోశారు, ఖర్జూరం పెట్టారు. పెద్దావిడ చెప్పుకుపోయింది, నేను తెలుగులో చెబుతూ వచ్చాను. టీ కంపెనీకి ఇచ్చే ముందు గది ఒకసారి చూద్దామని ఆ రోజు వచ్చిందట. తన భర్త కట్టించిన బిల్డింగులో ఇలాంటి దాతలున్నారని తనకు ఎవరూ చెప్పలేదట. కరమ్ ఉన్నవాళ్ళని వెళ్ళగొట్టి ఆ గది ఎవరికో ఎలా ఇస్తానంది. నేను ఆ మాట చెబుతూ చెబుతూనే లోపల దేవుళ్ళందరికీ దండాలు పెట్టేశాను. ఇంక లేచి, షుక్రాన్ చెప్పి బయటపడటమే.

మరదలు కదల్లేదు. "చెప్పు అక్కా. నేనన్నది కరమ్ కాదు, కారం అని చెప్పు."

"నోరు మూసుకుంటావా లేదా?" అన్నాను, ముఖాన నవ్వు చెదరకుండా. ఆ విద్య రిసెప్షన్లో నేర్చుకున్నాను. "దేవుడు తలుపు తీస్తే నువ్వు గడియ పెడతావా? నీ కూతురి ముఖం గుర్తు తెచ్చుకో."

"తెచ్చుకున్న. రేపు ఎవరో ఒకరు ఈమెకు చెప్తరు. అప్పుడు మా పిల్ల ఈమె ముందట నిలవడి ఐసు ఎట్ల ఇస్తది? చెప్పు అక్కా, నీ కాళ్ళు మొక్కుత."

ఏం చేస్తాను? చెప్పాను. మా భాషలో కారం అంటే ఫిల్‌ఫిల్, మిరపకాయ అన్నాను. ఈమె మిమ్మల్ని జాగ్రత్తగా ఉండమన్నది, అంతే అన్నాను. నా నోటితో వాళ్ళ ఇల్లు నేనే కూలుస్తున్నానని అనిపించింది. పెద్దావిడ నవ్వు ఆగిపోయింది. మరదలి వైపు తిరిగింది.

"మరి ఆ పెట్టెలు? నేను తప్పుగా అనుకున్నానని నీకు అప్పుడే తెలుసా?"

"రెండో పెట్టె పోయినంక తెలిసింది. అక్క చెప్పింది."

"మూడోది నువ్వే ఎత్తి ఇచ్చావు. అది నేను చూశాను. ఎందుకిచ్చావు?"

నేను తెలుగులో అడిగాను. పెద్ద మాట ఏదైనా చెప్పవే తల్లీ అని మనసులో మొక్కుకున్నాను. మరదలు కొంచెం ఆలోచించి, "ఎండ కొడ్తున్నది కదా అక్కా" అంది.

అదే చెప్పాను. పెద్దావిడ ఫోన్ తీసి మేనేజర్‌తో నాలుగు ముక్కలు మాట్లాడింది. టీ వాళ్ళకు ఇంకెక్కడైనా చూడు, ఈ గది మాఫీ, అంటే లేదు, అంది. ఫోన్ పెట్టేసి, కర్ర మరదలి వైపు ఆడిస్తూ గదమాయించింది. "నాకు మాత్రం కారం శువయ్య! శువయ్య!" కొంచెమే వేయమని. మా తెలుగు మాట ఆవిడ నోట్లో అంత ఖంగున పలికింది.

తిరిగొచ్చేటప్పుడు బండిలో తమ్ముడు సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడినా కదల్లేదు, వెనక బండ్లు హారన్లు కొట్టాయి. మరదలు ఊళ్ళో అత్తగారికి ఫోన్ కలిపింది. "అత్తా, వస్తలేం. ఈడనే ఉంటం. ముగ్గురం." అవతల ముసలమ్మ ఏదో అరిచింది. "ఆఁ, దుబాయ్‌లనే" అంది మరదలు. అన్నేళ్ళ నుంచి చెప్పినా ఆవిడకు ఖతర్ కాదు, దుబాయే.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే బెల్లు మోగింది. తలుపు తీస్తే మరదలు. రమ్మంటే వచ్చింది, కూర్చోమంటే కూర్చోలేదు. పిల్ల బాగుందంది, ఎండ బాగుందంది. కళ్ళు మాత్రం మాటిమాటికీ వంటింటి గట్టు మీదికి పోతున్నాయి. ఇచ్చిన వస్తువు తిరిగి అడగకూడదని వాళ్ళ వైపూ ఉంటుంది కాబోలు. నాకు తిక్క రేగింది.

"అడగందే అమ్మయినా అన్నం పెట్టదు. నోరు తెరిచి అడగవే!"

"మా రోలు ఇయ్యి అక్కా" అంది. అని, ఇన్నాళ్ళూ ఏడవనిది, మా వంటింట్లో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ పూట పచ్చడి దంచుదామని రోట్లో మిరపకాయలు వేసి ఉంచుకున్నాను. వాటితో సహా ఎత్తి ఆమె చేతుల్లో పెట్టేశాను. ఆమె రోలు చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయింది. కింద బండిలో తండ్రీ కూతురూ కూర్చుని ఉన్నారు, ఏసీ ఎంత పెట్టాలని గొడవపడుతున్నారు. తీరా చూస్తే రోకలిబండ గట్టు మీదే ఉండిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా అది పట్టుకుని వాళ్ళ వెనక పరిగెత్తాను.